రెండోసారి పోసే మైనం

అమ్మ సంచిలో బట్టలు సర్దుతుంటే, కూతురు వాటిని తీసి కొబ్బరి చిప్పలు పెడుతోంది.

"మామయ్య ఇంటికి చిప్పలెందుకే?"

"అక్కడ ఉండవుగా."

"ఇవి మానేస్తావనేగా మీ నాన్న పంపేది!"

నాన్నకు కొవ్వొత్తుల షాపు ఉంది. మెషీన్‌లో పోసిన తెల్లటి కొవ్వొత్తులు, ప్యాకెట్లు ప్యాకెట్లు. కూతురేమో వంటింట్లో తేనెమైనం కరిగించి కొబ్బరి చిప్పల్లో, ఆల్చిప్పల్లో, ఎండిన నారింజ తొక్కల్లో పోసేది. షాపుకొచ్చినవాళ్ళు అవే అడగడం మొదలుపెట్టారు. అది కూడా ఆయన ఓర్చుకున్నాడు. ఊరి బయట పెట్టెల్లో తేనెటీగలు పెంచుతూ, మైనం తెచ్చే కుర్రాణ్ణి మాత్రం ఓర్చుకోలేకపోయాడు. అందుకే ఈ ప్రయాణం. మామయ్య ఆఫీసులో ఉద్యోగం కూడా చూసిపెట్టాడు.

ఆ కుర్రాడితో మొదటి రోజే గొడవ.

"మీ మైనంలో నీళ్ళున్నాయి. వత్తి చిటపటలాడుతోంది."

"మైనంలో నీళ్ళు కలవవండీ. కలిస్తే నేనీపాటికి మేడ కట్టేవాణ్ణి." అతను నారింజ తొక్కను వేలితో నొక్కి చూశాడు. "ఎండకముందే పోశారు కదూ?"

నిజమే. అయినా ఒప్పుకుంటుందా?

"తొక్క నాది, తప్పు మీది."

"అబ్బో! నా పెట్టెల్లో ఉన్నవి తేనెటీగలే. కందిరీగ ఇక్కడుందన్నమాట!"

ఆ పేరే ఖాయమైపోయింది.

తేనెమైనం చల్లారితే వత్తి చుట్టూ గుంట పడుతుంది. అప్పుడు రెండోసారి పోయాలి. మైనం ఇచ్చి వెళ్ళాల్సిన మనిషి, రెండోసారి పోసేదాకా చూసి పోతానని కూర్చునేవాడు.

"గుంట పడిందా, కందిరీగా?"

"ఇంకా లేదు."

పడి చాలాసేపయ్యేది.

ఇవాళ అతను మైనం ముద్దతో వచ్చి, సంచిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఓహో, ప్రయాణమా! మంచిదేలే. పూలు అయిపోయాయి, మేమూ ఈ సాయంత్రం పెట్టెలు ఎత్తేస్తున్నాం."

"అంతేనా?"

"ఇంకేముంది? ఫ్యాన్ కింద కుర్చీ దొరికిందటగా."

"కుర్చీ కావాలని నీకు చెప్పానా?"

"వద్దని కూడా చెప్పలేదుగా!"

"నువ్వు అడిగితేగా! వాన వస్తే గొడుగు మర్చిపోయానని తిరిగొస్తావు, ఎండ కాస్తే టోపీ మర్చిపోయానని తిరిగొస్తావు. అడగాల్సిన మాట ఎక్కడ మర్చిపోయావు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పూలెక్కడుంటే అక్కడ డేరా వేస్తాం. ఇల్లంటూ ఉండదు... వస్తావా?"

"పొయ్యి ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే వస్తాను."

లోపలినుంచి నాన్న వచ్చాడు. విన్నాడని ఆయన ముఖమే చెబుతోంది.

"వీడితో గడప దాటావంటే, మళ్ళీ ఈ గడప తొక్కకు."

కుర్రాడు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సరే నాన్నా. ఎప్పుడూ మీ మాట విననంటారుగా. ఇదొక్కటీ వింటాను."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి, మైనం కరిగించే గిన్నె తెచ్చి సంచిలో పెట్టింది.

"నువ్వు కూడానా?" అన్నాడు నాన్న.

"మీరు వెళ్ళగొడుతున్నారు, నేను పంపిస్తున్నాను. రెండూ ఒకటి కాదు." కుర్రాడి వైపు తిరిగింది. "ఏం నాయనా, దీనికి నోరెక్కువ. తట్టుకోగలవా?"

"తేనెటీగలు కుట్టీ కుట్టీ అలవాటైపోయిందండీ."

ఏడుస్తూనే నవ్వింది అమ్మ.

సాయంత్రం తేనెటీగలన్నీ పెట్టెల్లోకి చేరాక లారీ కదిలింది. ఆమె ముందు సీట్లో, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. వెనక్కి చూడలేదు.

అమ్మ అప్పుడప్పుడూ వెళ్ళి, వాళ్ళ డేరాలో రెండ్రోజులుండి వచ్చేది. నాన్న ఏమీ అడిగేవాడు కాదు. మరుసటి ఏడు ఊళ్ళో మళ్ళీ పూలు పూసి, పెట్టెలు వచ్చే రోజులైనప్పుడు మాత్రం, పొద్దున్నుంచీ వీధి తలుపు తీసే ఉంచాడు.

కూతురు రాలేదు. ఆ ఏడూ రాలేదు, ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు.