కారు సీటులో గుండురాయి

హిందూపురం బజారులో పిల్లల సామాన్ల అంగడి. రాఘవేంద్ర ఫోను ఎత్తి పట్టుకుని ఒక్కో తోపుడు బండినీ భార్యకు చూపిస్తున్నాడు. ధర్మవరంలో, పుట్టింటి నడిమింట్లో, మూడో నెల పాపను ఒళ్ళో వేసుకుని ప్రమోద చూస్తోంది.

“ఆ నీలంది బ్రేకు నొక్కి తోయి,” అంది.

అతను బ్రేకు నొక్కి తోశాడు. బండి కదిలింది.

“బ్రేకు పడినాక కూడా కదుల్తాండాది. వద్దు. ఆ బూడిద రంగుది?”

“మేడం పోలీసు డిపార్టుమెంటా సార్?” అన్నాడు అంగడాయన.

“కాదప్పా, నా పెండ్లాం. పోలీసులైతే ఎంతోకొంత వదిలిపెడ్తారు.”

ప్రమోదకు నవ్వు రాలేదు. టీకా వేయించడానికి పోయిన రోజు ఆటో ఉన్నట్టుండి ఆగింది. ఒళ్ళో పాప జారి, ఇనుప కడ్డీకి జానెడు దూరంలో తల ఆగింది. అప్పటి నుంచి ఆమెది ఒకటే మాట. హిందూపురానికి పాప సీటులో, బెల్టు పెట్టుకునే పోవాలి. కారులో బిగించుకునేటట్టు, దిగినాక బండి మీద తగిలించుకునేటట్టు, రెండూ కలిసిన సెట్టు కావాలి.

ఇంతలో రాఘవేంద్ర పక్కనుంచి ఫోనులోకి అత్త హనుమమ్మ ముఖం వచ్చింది.

“ప్రమోదా, కొత్తది వద్దమ్మా. పేరు పెట్టకముందు బిడ్డను కొత్తదాంట్లో పండబెట్టగూడదు. పురిట్లో చుట్టింది కూడా పాత గుడ్డలే కదా?”

“గుడ్డలు వేరు, సీటు వేరు అత్తా. ఒకరు వాడిందాన్ని ఎట్ల నమ్మేది?”

“నమ్మేదానికే కదా పద్ధతి ఉండేది. బిడ్డ బాగా పెరిగినోళ్ళ ఇంట్లో అడగాల. ఆ బిడ్డను కండ్లతో చూడాల, తల మీద చెయ్యి పెట్టాల, అప్పుడు తెచ్చుకోవాల. మీ ఆయన పండుకున్న తొట్టిల ఎన్ని ఇండ్లు తిరిగొచ్చిందో. ఏం తక్కువైంది వానికి? బర్రెదూడ మాదిరి లేడా?”

అంగడాయన బూడిద రంగు బండిని తిరిగి కొక్కేనికి తగిలించాడు.

పాత సామాన్లు అమ్ముకునే ఫోను గ్రూపులో రాఘవేంద్రకు అలాంటి సెట్టే కనపడింది. ధర్మవరంలోనే. ఫోటోలో శుభ్రంగా ఉంది. కింద ఒకే వాక్యం: ‘బిడ్డ పెరిగింది, మంచి ఇంటికి ఇస్తాము.’

ఆదివారం తల్లీకూతుళ్ళను తీసుకుపోవడానికి రాఘవేంద్ర, హనుమమ్మ కారులో వచ్చారు. భోజనాలయ్యాక ప్రమోద పాపకు దిష్టిచుక్క పెట్టింది. బుగ్గ మీద పెట్టడం తనకు ఇష్టం లేదు, ఎడమ అరికాలులో పెట్టింది. కాటుక ఆరకముందే పాప కాలు జాడించింది. చుక్క సాగి, తోక మొలిచినట్టయింది. తుడిచి మళ్ళీ పెట్టే ఓపిక లేక అట్లాగే వదిలేసింది.

సీటు అమ్మే ఇల్లు నేతగాళ్ళ వీధిలో ఉంది. వీధంతా మగ్గాల చప్పుడు. ఆ ఇంట్లో మాత్రం మగ్గం ఆగిపోయి ఉంది. సగం నేసిన పట్టుచీర మీద దుమ్ము పేరుకుంది. మోకాళ్ళ నొప్పులతో హనుమమ్మ కారు దిగలేదు. పాపను తన ఒళ్ళోకి తీసుకుంది.

“నువ్వే చూసిరామ్మే. బిడ్డ తల మీద చెయ్యి పెట్టేది మర్చిపోవద్దు.”

తలుపు తీసిన ఆమె పేరు యశోద. ముప్పై దాటి ఉండవు. నున్నగా దువ్వి జడ వేసుకుంది, ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. కానీ రవికె ముందు రెండు వైపులా తడి. ఆ తడి చుట్టూ పాత మరకల అంచులు, ఒకదాని మీద ఒకటి పసుపు తిరిగి, అట్టకట్టి ఉన్నాయి. మూతపెట్టి మర్చిపోయిన పాలగిన్నె తెరిచినట్టు వాసన. ప్రమోద కూడా పాలిచ్చే తల్లే. అయినా ఒక అడుగు వెనక్కి వేసింది. కొంగుతో ముక్కు మూసుకోవడం బాగుండదని నోటితో ఊపిరి తీసుకుంది.

బండి గది మధ్యలో ఉంది, గొడుగు ముందుకు దించి. సీటులో మెత్తటి గుడ్డ చుట్టిన బిడ్డ, తలకు కుళ్ళాయి.

‘ఇదే కాబోలు ఆ బిడ్డ. ఇంత చిన్నదా?’ అనుకుంటూనే అత్త చెప్పినట్టు ప్రమోద చెయ్యి చాచి తల మీద పెట్టింది.

చల్లగా తగిలింది. గట్టిగా. జిగటగా.

చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళకు మీగడలాంటిది సాగి వచ్చింది. కుళ్ళాయి పక్కకు జారింది. కింద ఉన్నది రాయి. రుబ్బుకునే గుండురాయి. దాని మీద పాలు పోసి, అవి ఎండి, మళ్ళీ పోసి, పొరలు పొరలుగా పగిలి ఉన్నాయి. పగుళ్ళలో చీమలు తిరుగుతున్నాయి.

“గుండప్ప,” అంది యశోద నెమ్మదిగా. “ఖాళీగా ఉండగూడదు కదా.”

ప్రమోదకు ఆ ఆచారం తెలుసు. తొట్టిల్లో బిడ్డను వేసేముందు గుండురాయిని వేసి ఊపుతారు, రాయి మాదిరి బిడ్డ గట్టిగా ఉండాలని. ఖాళీ తొట్టిల ఎవరూ ఊపరు. కానీ రాయికి పాలు పోయడం ఆమె ఎక్కడా వినలేదు.

“మీ పాప యాడుండాది?”

“పండుకొనింది.”

యశోద లోపలి గది వైపు చూడలేదు. రాయి వైపే చూసింది. ప్రమోద ఇంకొక మాట అడగాలి. అడగాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే ఆ వాసన నాలుక మీద కూర్చుంటోంది.

“తీసుకుపోతాం,” అంది.

రాఘవేంద్ర వచ్చి డబ్బులిచ్చి, బండిని డిక్కీలో పెట్టి వచ్చి, సీటును రాయితో సహా ఎత్తుకున్నాడు. “అబ్బా, ఏం బరువుండాదే!” అంటూ బయటికి పోయాడు. వెనకే పోతున్న ప్రమోద చేతిని యశోద గడప దగ్గర పట్టుకుంది.

“ఆకలైతే ఏడవదు,” అని గుసగుసగా చెప్పింది. “పాలే చెప్తాయి.”

కారు వెనక సీటులో రాఘవేంద్ర ఫోనులో చూస్తూ పాప సీటును వెనక్కి తిప్పి బిగించాడు. కదలకుండా కూర్చుందో లేదో ప్రమోద పట్టి చూసింది. కూర్చుంది. అప్పుడు ఆమె కళ్ళు భుజాల పట్టీల మీద పడ్డాయి. వీపు పలకకు వరుసగా రంధ్రాలుంటాయి. బిడ్డ పెరిగేకొద్దీ పట్టీలను పైరంధ్రాల్లోకి మారుస్తూ పోవాలి. ఈ పట్టీలు అన్నిటికన్నా కింది రంధ్రాల్లో ఉన్నాయి. పైవాటికి ఫ్యాక్టరీలో వేసిన కుట్టు కూడా తెగలేదు.

ఈ సీటులో ఏ బిడ్డా పెరగలేదు.

“ఏమ్మే, బిడ్డను చూసినావా? చెయ్యి పెట్టినావా?” ముందు సీటు నుంచి హనుమమ్మ అడిగింది.

ఇప్పుడు లేదంటే మళ్ళీ ఆ ఇంట్లోకి పోవాలి. ఆ గదిలోకి, ఆ వాసనలోకి.

“పెట్టినా అత్తా,” అంది ప్రమోద.

తుడవందే పాపను పండబెట్టలేక, ఊరి పొలిమేర దాటాక చెట్టు నీడన కారు ఆపారు. రాయిని నేల మీద పెట్టకూడదని హనుమమ్మ దాన్ని తన ఒళ్ళోకి తీసుకుంది. పాపను రాఘవేంద్రకిచ్చి ప్రమోద తడి కాగితాలతో సీటు తుడిచింది. కాగితం పసుపు తిరిగి వచ్చింది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. తుడిచేకొద్దీ గుడ్డ లోపలినుంచి ఊరుతున్నట్టు వస్తూనే ఉంది. చివరికి మందమైన తువ్వాలు పరిచి, పాపను పండబెట్టి, పట్టీ నొక్కింది. టక్కుమని పడింది.

పాప ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. అప్పుడే కళ్ళు మూసుకుంది.

“చూసినావా? పాతదాంట్లో ఎంత సుఖంగా పండుకొనిందో,” అంది హనుమమ్మ, రాయిని ఒళ్ళో సర్దుకుంటూ.

ఎండ వాలింది. శనగచేలు, ఎర్రమట్టి దిబ్బలు వెనక్కి పోతున్నాయి. కారు అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి. లోపల ఎక్కడి నుంచో ఒక ఈగ తిరుగుతోంది. పెనుకొండ కొండ దూరంగా కనపడేసరికి హనుమమ్మ తల అద్దానికి ఆన్చి నిద్రపోయింది.

అప్పుడు వినపడింది.

చప్... చప్... చప్...

పాప నిద్రలో పెదాలు చప్పరిస్తోంది అనుకుంది ప్రమోద. వంగి చూసింది. పాప పెదాలు మూసి ఉన్నాయి. గట్టిగా, గీత గీసినట్టు.

చప్... చప్...

ముందు సీటు నుంచి.

ప్రమోద రెండు సీట్ల మధ్యనుంచి మెడ చాచింది. హనుమమ్మ కొంగు కింద, రొమ్ముకు ఆనుకుని, గుడ్డ చుట్టిన రాయి ఉంది. కొంగు తడిసింది. నడుము దాకా తడిసింది. తెల్లటి చుక్క ఒకటి కొంగు అంచున వేలాడి, సాగి, సీటు మీద పడింది. పులిసిన పాల వాసన ముఖానికి కొట్టింది.

“అత్తా!”

హనుమమ్మ ఉలిక్కిపడి లేచింది. కిందికి చూసుకుంది. వేలితో తడి అద్దుకుని వాసన చూసింది. అరవై దాటిన ముఖం మీద సిగ్గు, చిన్నపిల్ల ముఖం మీద లాగా.

“ఇదేందమ్మా... నాకు ముట్లు నిలిచిపోయి ఎన్నేండ్లాయె...” కొంగు కింద చెయ్యి పెట్టి రాయిని లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. “రేయ్ రాఘవా... పట్టుకోనుండాదిరా... ఇది నన్ను పట్టుకోనుండాది...”

కారు ఆగింది. ప్రమోదకు ఆ క్షణాన భయం లేదు. రోత. గొంతు దాకా రోత. దిగి, ముందు తలుపు తెరిచి, రెండు చేతులతో దాన్ని పట్టి గుంజింది. చీకుతున్న నోరు విడిచినట్టు చప్పుడై ఊడి వచ్చింది. చేతుల్లో వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికే ఒళ్ళంతా జలదరించింది. పక్కనే రోడ్డు కింద వాన నీళ్ళు పోయే మోరీ ఉంది. దాని అంచు దాకా పరిగెత్తి, కింద బండల మీదికి విసిరికొట్టింది.

రాయి బండ మీద పడితే ఖంగుమంటుంది.

ఖంగుమనలేదు.

తడిగా... మెత్తగా... ఒక చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

“పదండి,” అంది. చేతులు చీరకు తుడుచుకుంది. వాసన పోలేదు.

పెనుకొండ దాటారు. కార్ల ఫ్యాక్టరీ బస్సులు లైట్లు వేసుకుని ఎదురొస్తున్నాయి. హనుమమ్మ కొంగు పిండుకుంటూ, సన్నగా ఏడుస్తూ కూర్చుంది.

ప్రమోదకు అప్పుడు తట్టింది. పాలిచ్చే వేళ ఎప్పుడో దాటిపోయింది. ఈ పాటికి రొమ్ములు సలపాలి. పాప కదిలితే చాలు, రవికె తడిసేది. ఇప్పుడు మెత్తగా, ఖాళీగా ఉన్నాయి. ఎవరో తాగేసి పోయినట్టు.

సీటులోకి చూసింది. పాప కళ్ళు తెరిచి ఉంది. ఏడవడం లేదు. ఆమెనే చూస్తోంది.

“ఏమ్మా బంగారూ...” అంటూ పట్టీ విప్పింది. వీపు కింద తువ్వాలు తడిసి ముద్దయింది. తడి గుడ్డలు మార్చాలని గౌను పైకి తీసింది.

బొడ్డు దగ్గర ఏదో అంటుకుని ఉంది. నల్లగా, తడిగా, ముడుచుకున్న పేగు ముక్కలాంటిది. జిగురు కారుతోంది. తీసేద్దామని వేలితో పట్టుకుంది. ఊడలేదు. చర్మంతో సహా సాగింది.

పాప బొడ్డు ఊడి పడింది పురిట్లోనే. ప్రమోద తల్లి దాన్ని వెండి తాయెత్తులో పెట్టి దాచింది.

ప్రమోద ఎడమ పాదం తిప్పి చూసింది. ఫోను లైటు వేసి చూసింది. కుడి పాదం కూడా చూసింది.

రెండు అరికాళ్ళూ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. కాటుక పెట్టిన గుర్తే లేదు.

“వెనక్కి తిప్పండి...” అంది.

“ఏమైంది?”

“మోరీ కాడికి... బిరీన తిప్పండి!”

మోరీ చేరేసరికి మసక చీకటి పడింది. రాఘవేంద్ర వెనక నుంచి పిలుస్తున్నా ఆగకుండా ప్రమోద కంపచెట్లు పట్టుకుని కిందికి దిగింది. లైటు బండల మీద పాకింది. గాజుపెంకులు... ప్లాస్టిక్ సంచులు... గుడ్డ.

గుడ్డ పక్కన రాయి. మామూలు గుండురాయి. ఒక పక్క పెచ్చు లేచింది, అంతే.

ఊపిరి వదిలింది. ‘రాయే. వట్టి రాయే.’

పైన కారులోంచి ఏడుపు మొదలైంది. అన్ని గంటల తర్వాత మొదటిసారి. ఆకలేసిన బిడ్డ ఏడుపు, గుక్కపట్టి, ఆగకుండా.

“ప్రమోదా... రామ్మా, బిడ్డ పాలకు ఏడుస్తాంది!” హనుమమ్మ కేక.

ప్రమోద కదలబోయి ఆగింది. అంత ఏడుపు వింటున్నా రొమ్ముల్లో చుక్క దిగలేదు. ఆమె మళ్ళీ వంగింది. ఎందుకో తెలియదు, తల కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టు రాయిని ఎత్తి, తిప్పింది.

అడుగున, నున్నటి చోట, కాటుక చుక్క. ఆరకముందే సాగినట్టు, చిన్న తోకతో.

పాలు దిగాయి. రెండు వైపులా ఒక్కసారిగా, రవికె తడిసి, నడుము మీదుగా కారి, మోచేతుల దాకా వెచ్చగా.

రాయి ఏడవలేదు.