రెండో మోకు

దుమ్ముగూడెం దాటి అడివి మొదలయ్యే కాడ మా తాటివనం. ఎనభై తొమ్మిది ఎండాకాలం, పొద్దు వాలుతున్నది. చెట్టు కింద కుర్చీలో కూసున్న. మెడకు ఈ దరిద్రపు కాలర్. లోపలంతా చెమట, దురద. గోకుదామంటే వేలు దూరదు. మెడ ఎముకకు ఆపరేషన్ చేసిన హైదరాబాద్ డాక్టర్ ఒకటికి పదిసార్లు చెప్పిండు, "గురవయ్యా, ఆరు వారాలు ఇది తియ్యొద్దు. మెడ వెనక్కి వాలిందా, కాళ్లు చేతులు పడిపోతయ్." చెట్లెక్కి బతికెటోన్ని, పైకి చూసే గతి కూడా లేదు. ఒళ్లు మండిపోతున్నది నాకు.

ఎవన్ని తిట్టాలె? తప్పు నాదే. చెట్టు మీంచి పడి చచ్చిన కల్లుగీతగాని మోకు మాలో ఎవరూ ముట్టరు. నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే ఆ తోలు తాడు వానితోనే కాలాలె. నాతోని ఈ వనంలనే గీసే సారంగపాణి చెట్టు మీంచి పడి చచ్చిననాడు, వాని మోకు చితిలో ఏస్తనని వాని పెండ్లాం పిచ్చమ్మకు మాటిచ్చింది నేనే. ఏసిన్నా? లే. గట్టి మోకు, బూడిదపాలు ఎందుకని దాచుకున్న. దానితో ఎక్కిన మూడోనాడే పడ్డ. నా పెండ్లాం సోమమ్మ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. నేను దవాఖానా నుంచి రాంగనే కిరసనాయిలు పోసి నా కండ్ల ముందే దాన్ని కాలబెట్టింది.

ఇప్పుడు నా చెట్లు సోమమ్మ తమ్ముడు పగిడయ్య గీస్తున్నడు. ఇద్దరు పిల్లల తండ్రి. నా కోసం సొంత పని ఇడిసిపెట్టి వచ్చిండు. ఆ సాయంత్రం నేను కింద కూసున్న చెట్టే ఎక్కిండు.

"ఎంత సేపురా! జల్దీ దిగు!" అని అరిచిన.

కత్తి చప్పుడు ఆగింది. గాలి లేదు, మట్టలు కదలట్లేదు. పులిసిన కల్లు వాసనలో కాలిన తోలు కంపు కలిసింది. పైన ఏదో కిర్రుమన్నది. ఆగి, మళ్లా కిర్రుమన్నది.

"బావా..." పగిడయ్య గొంతు సన్నగ వచ్చింది. "ఈడ ఇంకో మోకు ఉన్నది."

"ఏందిరా?"

"నా కాళ్ల కింద, చెట్టుకు కట్టి ఉన్నది. బిగుసుకొని ఉన్నది బావా... మనిషి ఆనుకున్నట్టు. మనిషి లేడు."

సోమమ్మ కాలబెట్టిన మోకే యాదికొచ్చింది నాకు.

"కోసెయ్యనా?"

"ముట్టకు! దాన్ని దాటి మెల్లగ దిగు!"

"ఎట్ల దాటాలె... అది పైకి జరుగుతున్నది."

కిర్రు... కిర్రు...

పైకి చూడలేను. నా బామ్మర్ది ప్రాణం నా నెత్తి మీద వేలాడుతున్నది, నా కండ్ల ముందర ఎండుగడ్డి, ఖాళీ కల్లు లొట్లు. ఆ కోపంలో భయం ఎటు పోయిందో నాకు తెల్వదు. కుర్చీ తన్ని లేచిన.

"ఒరే సారంగపాణీ! నీ మోకు దాచుకున్నది నేను! పిచ్చమ్మకు అబద్ధం చెప్పింది నేను! వాడేం జేసిండురా నీకు? వాని మీద చెయ్యి పడ్డదో, చచ్చినోనివని కూడా చూడను! దమ్ముంటే దిగి నా కాడికి రా!"

కిర్రు ఆగింది.

పగిడయ్య ఎట్ల దిగిండో వానికే తెల్వదు. రొమ్మంతా గీరుకపోయింది. నా ముందర కూలబడి, నా రెండు చేతులు గట్టిగ పట్టుకొని తల వంచుకున్నడు.

"పోయిందా?" గుసగుసగ అడిగిన.

"నువ్వు పిలవంగనే... లేదు బావా. మోకు లేదు."

బతికిండు. నా సోమమ్మకు మొఖం చూపియ్యగలను. ఏడుపొచ్చింది నాకు. వాని చేతులు ఇడవలే.

అప్పుడు మెడ వెనక కాలర్ బకిల్ టక్కుమని ఊడింది.

పగిడయ్య చేతులు రెండూ నా చేతుల్లోనే ఉన్నయ్.

రెండో పట్టీ... మెల్లగ... తొందరేం లేనట్టు వదులైంది. గడ్డం కింద చల్లటి అరచెయ్యి ఒకటి ఆనింది. నా మొఖాన్ని పైకి ఎత్తబట్టింది.