పేరు చెరిగితేనే మూత వస్తుంది

మూత రావట్లేదు. ఇద్దరు టెక్నీషియన్లు డబ్బాని చెరోపక్క పట్టుకుని లాగారు. మూడోవాడు గోడకి కాళ్లు తన్నిపెట్టి లాగాడు. బల్ల కదిలింది, బీరువా కదిలింది, ల్యాబు మొత్తం అటు జానెడు జరిగింది. మూత మాత్రం కదల్లేదు. నమ్మకపోతే మీరే వెళ్లి లాగి చూస్కోండి!

సైంటిస్టు ఇందుమతి డబ్బా తిప్పి చూసింది. మూత అంచున చుక్కలు చుక్కలుగా తన పేరు. పక్కన పీహెచ్‌డీ.

"ఎవరు కొట్టారిది?"

"నేనేనండి," అన్నాడు డబ్బా తెచ్చిన దుర్గారావు, ఛాతీ పొంగించి. రాజమండ్రి స్టీలు కొట్టులో గిన్నెల మీద పేర్లు కొట్టేది ఆయనే. ఆయన కొట్టిన బిందె ఒకటి గోదారిలో కొట్టుకుపోయి ఏళ్ల తర్వాత సముద్రంలో వలకి పడితే, పేరు చదివి ఓనరమ్మకి తెచ్చిచ్చారు. బిందెకి చిల్లులు పడ్డాయి గానీ పేరుకి గీత కూడా పడలేదు.

"మూతేసిన డబ్బాకి పైన మెరుగు పెట్టమని పంపితే పేరెందుకు కొట్టారండీ?"

"పేరు లేని గిన్నె మా కొట్టు గుమ్మం దాటదమ్మా. పెళ్లిళ్లలో మారిపోవూ?"

డబ్బాలో ఆఫీసర్లకి రుచి చూపించాలని ముందే పెట్టిన పులిహోర ఉంది. వాళ్లు ఒంటిగంటకి వస్తారు. బడిపిల్లల క్యారేజీలకి ఈ కొత్త లోహం పనికొస్తుందో లేదో ఇవాళ తేలుస్తారు. అది చెడితే రేపట్నుంచి కొట్టుకి రావద్దని దుర్గారావుకి షావుకారు ఫోన్లో చెప్పేశాడు.

"ఇది ఇనుమూ అల్యూమినియం కలిపిన లోహం," అంది ఇందుమతి. "ఆటమ్‌లు భోజనాల పంక్తిలో కూర్చున్నట్టుంటాయి. ఒక ఇనుము, పక్కన అల్యూమినియం, మళ్లీ ఇనుము. ఇనుముకి ఇనుము తగలదు గనక అయస్కాంతం పుట్టదు. మీరు సుత్తితో పంక్తి చెదరగొట్టారు. ఇనుములన్నీ పక్కపక్కన చేరాయి, అయస్కాంతం పుట్టింది. అది పుడితే లోహం లోపల్నుంచి ఉబ్బుతుంది. మూత అందుకే బిగుసుకుంది."

"చుట్టాలు ఒకచోట చేరితే అంతేనండి. జరగమంటే జరుగుతారా?"

"వేడిచేస్తే ఎవరి చోట వాళ్లు కూర్చుంటారు, మూత వస్తుంది. కానీ ఆ సర్దుబాటులో మీ చుక్కలు పూడిపోతాయి."

"నేను కొట్టిన పేరా? భలేవారే!"

హీటర్ మీద పెట్టారు. ముందు పీహెచ్‌డీ పోయింది. తర్వాత ఒక్కో అక్షరం. టప్పుమని మూత లేచింది. దుర్గారావు కాస్త చల్లారనిచ్చి బొటనవేలితో తడిమి చూశాడు. నున్నగా ఉంది. ఇంకోసారి తడిమాడు, ఇంకా నున్నగానే ఉంది.

ఆఫీసర్లొచ్చి మాడిన పులిహోర తిని, సంగతంతా విన్నారు. "క్యారేజీలు తర్వాత చూద్దాం. సుత్తికి బిగిసి వేడికి తెరుచుకునే పెట్టె! ప్రశ్నపత్రాలకి ఇంతకన్నా మంచి తాళమేముందమ్మా? దొంగచాటుగా తెరిస్తే పేరు చెరిగి ఇట్టే తెలిసిపోతుంది."

అలా దుర్గారావుకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది. మొదటి పెట్టె ముందు కూర్చుని అడిగాడు.

"ఏం పేరు కొట్టమంటారమ్మా?"

"ఏదైనా ఒకటేనండి. ఎలాగూ పోయేదేగా."

దుర్గారావు సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. ఊరందరి పేర్లూ కొట్టాడు గానీ, తనది ఏనాడూ ఏ గిన్నె మీదా కొట్టుకోలేదు. చివరికి చుక్కా చుక్కా పెట్టి తన పేరే కొట్టాడు.

ఇప్పుడు రాష్ట్రంలో ప్రతి పెట్టె మీదా అదే పేరు. ఆయన గొప్పలు మాత్రం తగ్గలేదు. "ఏ పిల్లాడు పరీక్ష రాయాలన్నా ముందు నా పేరు చెరగాలండి!" అంటాడు. అంటూనే బొటనవేలితో బల్ల మీద ఏదో తడుముతుంటాడు.