పడవ ట్రైలర్ కుడి చక్రం

1978 ఆగస్టు 17, గురువారం. ఉదయం 10.40.

కీసర దిగువన మున్నేటి రేవులో కృష్ణయ్య చచ్చిపోయాడు. వయసు యాభై రెండు. పడవ నడిపే మనిషి. ఇరవై ఏళ్లుగా తను నడిపిన ఇనప పడవే మీద పడింది.

వాన లేదు. ఎండ కాస్తోంది. పైన ఖమ్మం వైపు కురిసిన వానకి ఇక్కడ ఏరు పొంగింది. అవతలి ఒడ్డున పదకొండు మంది కూలీలు చిక్కుకున్నారు. వాళ్లను తేవడానికి జగ్గయ్యపేట నుంచి వెంకటరత్నం తన పడవను ట్రైలర్ మీద ఎక్కించి, జీపుకి తగిలించి, తనే నడుపుకుంటూ వచ్చాడు. రేవు వాలులో ట్రైలర్ కుడి టైరు పేలింది. బండి ఒరిగింది. చక్రానికి అడ్డుకర్ర వేద్దామని పక్కనే నడుస్తున్న కృష్ణయ్యకి తప్పుకునే వ్యవధి లేకపోయింది.

సాయంత్రానికి వరద తీసింది. కూలీలు మోకాటి లోతు నీళ్లలో నడిచి వచ్చేశారు. అంతకంటే చెప్పడానికేం లేదు.

ఆ రోజు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భవానీప్రసాద్ బందోబస్తు పని మీద విజయవాడలో ఉన్నాడు. శుక్రవారం ఉదయం 9.10కి నందిగామ స్టేషన్లో అడుగుపెట్టేసరికి కేసు తయారుగా ఉంది. ముద్దాయి లాకప్‌లో ఉన్నాడు. కేసు తయారుచేసినవాడు హెడ్ కానిస్టేబుల్ జ్ఞానయ్య. పంచనామా రాయడంలో జ్ఞానయ్యకి వంక పెట్టలేం. చూపించిందల్లా రాస్తాడు. ఆలోచించడం పైవాళ్ల పని అని అతని నమ్మకం.

పేలింది రీట్రెడింగ్ టైరు. అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పొర అతికించింది. ఆ పొర చీరపేలికలా ఊడొచ్చింది. వెంకటరత్నం కంప్లయింటు ఏమిటంటే, పది రోజుల కిందట కొత్త టైర్లకని డబ్బు తీసుకున్న మెకానిక్ ఇనాయతుల్లా ఒకవైపు పాతది బిగించి మోసం చేశాడని. మోసం, ఆపైన నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం. సాయంత్రం ఐదులోగా కోర్టులో హాజరుపరిచి రిమాండ్‌కి పంపాలి.

“బిగించిన రోజు చక్రాలకి పూజ చేశారంట సార్. పేలిన చక్రం మీద ఆ పసుపూ కుంకుమా ఇంకా ఉన్నాయి. పంచనామాలో రాశా,” అన్నాడు జ్ఞానయ్య.

ఇనాయతుల్లా లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రాత్రి నిద్రపోలేదు. అతని ముఖంలో కోపం లేదు, భయమూ లేదు. రెండూ అయిపోయినట్టున్నాయి.

“టైర్లు ఎప్పుడు బిగించావు?”

“ఏడో తారీకండి. సోమవారం.”

“కొత్తవేనా?”

“రెండూ కొత్తవే. బెజవాడ నుంచి నేనే తెచ్చా.”

“బిల్లు?”

“వెంకటరత్నం గారికిచ్చా. పోయిందంటున్నారంట.”

“ఆ తర్వాత ఎన్నిసార్లు ఏట్లో దింపారు?”

“రెండుసార్లు. పదకొండున, పద్నాలుగున. పాలేట్లో. రెండుసార్లూ నా దగ్గరకి తెచ్చి హబ్బులు విప్పించారండి. బేరింగుల్లో నీళ్లు తుడిచి కొత్త గ్రీజు పెట్టా. అప్పుడు టైర్లు రెండూ నావే.”

“ఎంతవరకు మునుగుతాయి?”

“చక్రం మొత్తం మునగాలండి. లేకపోతే పడవ తేలదు.”

తక్కినదంతా అడక్కుండానే చెప్పాడు. మాటలు పొడిగా, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు వచ్చాయి. అంతకుముందు ఆ ట్రైలర్‌కి ఎద్దుల బండి చక్రాలుండేవి. జీపు వేగానికి ఇరుసు దగ్గర వేడెక్కి అవి కాలిపోయేవి. ఇనాయతుల్లా ఇరుసు మార్చి జీపు హబ్బులు పెట్టాడు, ఒకే స్టెపినీ చక్రం జీపుకీ ట్రైలర్‌కీ పనికొస్తుందని. పక్కలు దళసరిగా ఉన్న టైర్లు ఏరి తెచ్చాడు. జీపుకే లేని టైర్లు ట్రైలర్‌కెందుకని వెంకటరత్నం వారం రోజులు వాదించాడు.

“లాగేదానికి ఇంజనుంది, బ్రేకుంది. వెనకొచ్చేదానికి టైరు తప్ప ఏముందండీ అన్నా. చివరికి ఒప్పుకున్నారు,” అన్నాడు ఇనాయతుల్లా. “ఈ సాయంత్రం ఐదు దాటితే ఇంక నా షెడ్డుకి ఎవరూ బండి తేరు సార్. తర్వాత వదిలేసినా తేరు,” అన్నాడు.

11.15కి భవానీప్రసాద్ రేవులో ఉన్నాడు. ట్రైలర్ పడ్డచోటే పక్కకి ఒరిగి ఉంది. ఇసకలో మరక మీద ఎవరో మట్టి చల్లారు. ముప్పై మంది చుట్టూ చేరి చూస్తున్నారు. ఏమీ లేకపోయినా చూస్తారు జనం.

కుడి చక్రం దగ్గర కూర్చున్నాడు. రిమ్ము నిండా పసుపు. ఐదు నట్ల మీదా కుంకుమ బొట్లు. వేలితో తాకితే రంగు అంటింది. లేచి, ఎడమ చక్రం వైపు వెళ్లాడు. దళసరి కొత్త టైరు. రిమ్ము బొక్కల్లో ఎండిన ఒండ్రు. నట్లు ఊడదీసి లోపల కూడా చూశాడు. ఐదు నిమిషాలు పట్టింది.

“జ్ఞానయ్యా, ఎడమ చక్రం గురించి ఏం రాశావు?”

“ఏం రాయలేదు సార్. అది పేల్లేదుగా.”

మధ్యాహ్నం 1.20. జగ్గయ్యపేటలో వెంకటరత్నం ఇల్లు. భవానీప్రసాద్ ఇనాయతుల్లాని కూడా బేడీలతో వెంటబెట్టుకొచ్చాడు. లోపలికి వెళ్లేముందు షెడ్డులో ఉన్న జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు.

వెంకటరత్నం వరండాలో కుర్చీలో ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. ఇనాయతుల్లా వైపు చూడలేదు. అతని భార్య సీతారావమ్మ గుమ్మంలో నిలబడింది.

“అమ్మా, పేలిన చక్రానికి పసుపు రాసిందెవరు?” అడిగాడు భవానీప్రసాద్.

“నేనేనండి.”

“ఎప్పుడు?”

“పూజ రోజునే,” అన్నాడు వెంకటరత్నం.

“మిమ్మల్ని అడగలేదు. చెప్పండమ్మా.”

సీతారావమ్మ భర్త వైపు చూసింది. తర్వాత ఇనాయతుల్లా చేతుల వైపు చూసింది.

“నిన్న పొద్దున ఆరింటికండి. ‘చక్రం మార్చా, బొట్టు పెట్టు’ అన్నారు ఈయన. మా ఇంట్లోంచి ఏ చక్రమూ బొట్టు లేకుండా బయటికి పోదు.”



భవానీప్రసాద్ గొంతు పెంచలేదు. “ఏడో తారీకున రెండు చక్రాలకీ పూజ చేశారు. తర్వాత రెండుసార్లు రెండూ పాలేట్లో పూర్తిగా మునిగాయి. ఎడమ చక్రం మీద పసుపన్నది లేదు. కడుక్కుపోయింది. దానికి ఒండ్రు పట్టి ఉంది. కుడి చక్రం మీద పసుపు వేలికి అంటుతోంది. ఒండ్రు చుక్క లేదు. ఆ చక్రం ఏట్లో దిగనే లేదు. పద్నాలుగు తర్వాత బిగించింది. పసుపుందని మావాళ్లు అది ఇనాయతుల్లా బిగించిన చక్రమే అనుకున్నారు. పసుపున్నందువల్లే అది కాదు.”

జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“మీ జీపుకి మూడు అరిగిపోయిన గుండు టైర్లున్నాయి. వెనక కుడివైపు మాత్రం కొత్తది. ట్రైలర్ ఎడమ టైరుకి అచ్చం జత. ఏమంటారు?”

వెంకటరత్నం కుర్చీలో ముందుకి వంగాడు.

“జీపు టైరు పొర లేస్తోంది. లాగే బండి కదా, మంచిది దానికి ఉండాలనుకున్నా. పొర లేచినదాన్ని ట్రైలర్‌కేసా. వెనకొచ్చేదానికి ఏదైనా చాలనుకున్నానండి. పావుగంట పని.”

“ఇనాయతుల్లా పేరెందుకు చెప్పారు?”

“ఈ టైరు ఎవరు బిగించారని జ్ఞానయ్య గారు అడిగారు. కృష్ణయ్య ఇంకా పడవ కిందే ఉన్నాడు. నోటికి ఆ పేరొచ్చేసింది. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోలేకపోయా.” ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది చూసేవాళ్లకి.

2.05కి జ్ఞానయ్య బేడీలు తీశాడు. ఇనాయతుల్లా మణికట్లు రుద్దుకుని, మంచినీళ్లడిగాడు. సీతారావమ్మే తెచ్చిచ్చింది. తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి, ఇంటి దారి పట్టాడు. వెంకటరత్నం పోలీసు జీపులో వెనక కూర్చున్నాడు.

భవానీప్రసాద్ జీపెక్కబోతూ ఆగాడు. ఆమెకి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. “ఎందుకడిగానో తెలియక చెప్పేశారు. మీ తప్పేం లేదమ్మా,” అన్నాడు.

“తెలిసే చెప్పానండి,” అంది సీతారావమ్మ. “పొద్దున ఇనాయతుల్లా భార్య కరీమాబీ వచ్చింది. ఈ మెట్టు మీదే కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు. ‘మా ఆయన కొత్తవి బిగించినప్పుడు మీరూ అక్కడే ఉన్నారుగా అమ్మా’ అంది. లేచి వెళ్లిపోయింది. నా అంతట నేను స్టేషనుకి రాలేకపోయా. ఈయన భార్యని కదండీ. మీరొచ్చి అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదనుకున్నా.”

లోపలికెళ్లి రెండు క్యారేజీలు తెచ్చింది. అప్పటికే కట్టి ఉన్నాయి.

“ఇది ఈయనకి. నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. పెట్టనిస్తారా?”

భవానీప్రసాద్ తలూపి అందుకున్నాడు.

రెండోది ఆమె చేతిలోనే ఉంది.

“ఇది కృష్ణయ్య పెళ్లాం రాఘవమ్మకి. ఇరవై ఏళ్లు వాళ్లిద్దరూ మా ఇంట్లోనే తిన్నారు,” అంది. “నేను తీసుకెళ్తే తింటుందంటారా?”

 ఆమె చెప్పులేసుకుని, క్యారేజీ పట్టుకుని వీధిలోకి నడిచింది.