కుడి చెంపమీది ముడతలు

తెల్లవారుతూనే తలుపు తట్టిన మనిషిని చూసి డిటెక్టివ్ గోపన్న సహాయకుడు తిమ్మయ్య గాబరాపడ్డాడు. కర్నూలులో ఇళ్లకు వెళ్లి రోగులకు సేవ చేసే నర్సు కృపమణి గడపలోనే ఏడుస్తూ నిలబడింది.

“మందుతో ఖాసిం సాహెబ్ ఒళ్లు కాల్చినానంట! రెండు పక్కలా ఒకటే స్పిరిట్ రుద్దుతాండా. ఆయన కొడుకు మాబాషా పోలీసులకు పట్టిస్తానంటాండాడు. ఇంక నన్నెవరు ఇంట్లోకి రానిస్తారప్పా?”

ఖాసిం సాహెబ్ తోళ్ల వ్యాపారి. పక్షవాతంతో మంచాన పడ్డాడు, నోటిమాట కూడా పోయింది. పగలంతా కృపమణి అతన్ని అటూ ఇటూ తిప్పి, సాయంత్రం ఎడమ పక్కకు పడుకోబెట్టి ఇంటికి పోతుంది. రాత్రిళ్లు ఆ పని భార్య మౌలాబీది.

కృపమణి వెంట గోపన్న, తిమ్మయ్య వెళ్లేసరికి రోగి ఎడమ పక్కకే ఉన్నాడు. పుండ్లు మాత్రం కుడి తుంటిమీద, కుడి చీలమండమీద. ఎడమవైపు ఒక్కటీ లేదు.

“రాత్రి పక్కలు మారుస్తాండావా అమ్మా?” అడిగాడు గోపన్న.

“సిస్టరమ్మ చెప్పినట్లే,” అంది మౌలాబీ నేల చూస్తూ.

తిమ్మయ్య గొణిగాడు: “ఉత్తరానికి తల పెట్టినారే! మా అవ్వ చూస్తే తిట్టి చంపుతాది.”

గోపన్న ఆ మాటకు ఆగి, వంగి రోగి కుడి చెంప చూశాడు. దిండు ముడతలు ఇంకా ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. అందర్నీ మంచం చుట్టూ పిలిచాడు.

“మాబాషా, మందే కాల్చుంటే ఎడమ పక్క కూడా కాలాల. ఇవి పడక పుండ్లు. ఎముక ఒకేచోట ఒత్తుకుంటే నెత్తురాడక చర్మం చచ్చిపోతాది. ఎడమ పక్కకు పండుకున్న మనిషికి కుడి చెంపమీద ముడతలు యాడివి? రాత్రంతా కుడి పక్కకే ఉంచి, నర్సు వచ్చేముందు తిప్పినారు. ఉత్తరానికి తల పెట్టి కుడి పక్కకు తిప్పితే ముఖం పడమరకు, మక్కా వైపుకు ఉంటాది.”

మౌలాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎడమకు తిప్పితే ముఖం తూర్పుకు పోతాది. ముఖం మక్కాకు లేకుండా ఆ రాత్రే ప్రాణం పోతే ఎట్లప్పా? సిస్టరమ్మ తిడతాదని తెల్లారేలోపల మళ్లీ తిప్పుతాంటి. ఆ పుండ్లు నా చేతివేనా?”

మాబాషా కృపమణి వైపు తిరిగాడు. “తప్పయిపాయె సిస్టరమ్మా. ఎవరికైనా నేనే చెప్తా, నీ తప్పు లేదని.”

“తల ఉత్తరానికుంటే కుడి పక్క, దక్షిణానికుంటే ఎడమ పక్క. ఎట్లున్నా ముఖం పడమరకే,” అన్నాడు గోపన్న. “పక్క మార్చినప్పుడల్లా మంచం కూడా తిప్పండప్పా!”

“దక్షిణానికి తలంటే మా అవ్వ కూడా ఏమీ అనదు,” అన్నాడు తిమ్మయ్య సంబరంగా.

అందరూ కలిసి రోగితో సహా మంచాన్ని తిప్పారు. తూర్పు గోడను చూస్తున్న ఖాసిం సాహెబ్ చూపు మెల్లగా పడమరకు వచ్చింది. రాత్రిళ్లు మౌలాబీ కూర్చునే పీట అక్కడే ఉంది. ఆమె వచ్చి దానిమీద కూర్చోగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

మౌలాబీ వాటిని కొంగుతో తుడిచింది. “మంచం మళ్లీ ఎప్పుడు తిప్పాల సిస్టరమ్మా?” అని అడిగింది.