అబ్బా ఎర్రకారు ఆగిపోయిన రోజు

ఎర్రకారు మళ్లీ ఆగిపోయింది.

కట్టంగూరులో హైవే పక్కన, మెకానిక్ సర్దార్ ఇంటి ముందు పొద్దుటినుంచీ ఇదే తంతు. కారు స్టార్టవుతుంది, కాసేపు ఊగుతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలు ఆగిపోతుంది. రెండే సీట్లున్న, పైన కప్పులేని ఆ పాత స్పోర్ట్స్ కారు సర్దార్ భార్య హనీఫా 'అబ్బా' అని పిలుచుకున్న తండ్రి గులాం నబీది. ఆత్మకూరులో ఒక దొర దగ్గర జీవితమంతా డ్రైవరుగా పనిచేసినందుకు ఆయనకు దక్కింది అదొక్కటే. పోయినేడు ఆయన కన్నుమూస్తే, అది ఒక్కగానొక్క కూతురి వాకిట్లోకి చేరింది. అప్పటినుంచీ అత్త లాడ్లీ బేగానికి అది కంట్లో నలుసైంది. మేకలు కట్టేసుకునే జాగా పోయిందని ఆమె బాధ. "పోచంపల్లి పెండ్లికి గీ డొక్కు నడిచి పోవాలె. లేకుంటే బక్కయ్య పాత ఇనుము బండెక్కాలె" అని కొడుకు దగ్గర మాట తీసుకుంది. పెళ్లి ఈరోజే. బక్కయ్య ఎద్దులబండి అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడింది. ఎద్దులకు తొందరేమీ లేదు గానీ అత్తగారికి ఉంది.

"నిన్న పొద్దుమీకి మంచిగనే ఉండె గదా" సర్దార్ విసుక్కున్నాడు. రెండు కార్బురేటర్లూ విప్పి, పెట్రోలుతో కడిగి, పెట్రోలు వచ్చే సన్నటి జెట్లు ఊది బిగించాడు. స్క్రూ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఫలితం లేదు. "నువ్వు బానెట్ కింద గుడ్డతోని తుడిచినవట. ఏం కదిలించినవ్?"

హనీఫా కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి జ్ఞాపకంగా మిగిలింది ఆ కారొక్కటే... దాన్ని తన చేతులతో తానే పాడుచేసుకుంటుందా!

"పైపైన తుడిచిన. ఏం ముట్టలే. జర ఇంకొక్కసారి స్టార్ట్ చెయ్యిండ్రి."

ఇంజన్ ఊగుతూ మొదలైంది. హనీఫా వంగి చెవి పెట్టింది. చిన్నప్పటినుంచీ వింటున్న చప్పుడే. కానీ అందులో కొత్తగా సన్నటి "సుయ్" ఒకటి కలిసింది, పంపు స్టవ్వు మాదిరిగా.

"ఏడనో గాలి గుంజుతాంది" అంటూ చెయ్యి లోపలికి పెట్టింది. వెనకవైపు సన్నటి రబ్బరు వాక్యూమ్ పైపుకు ఆకుపచ్చ గుడ్డ ఒకటి బిగించి కట్టి ఉంది. ముడి కింద పాతరబ్బరు పగిలింది. ఆ పగులును వేలితో మూయగానే ఇంజన్ కుదురుకుంది. పక్కనుంచి గాలి లోపలికి పోతుంటే కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగితే ఏం లాభం?

ముడి విప్పితే రూపాయి బిళ్ల. ఇమాం జామిన్. ప్రయాణమయ్యేవాళ్లు క్షేమంగా చేరాలని కుడిచేతికి కడతారు.

"అమ్మీ, నువ్వా?" సర్దార్ నోరు తెరిచాడు.

లాడ్లీ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం జెయ్యాలె మరి? కొడుకు, కోడలు గీ డొక్కుల కూసోని పోతుంటే నాకు ఫికరుండదా? బండికి చెయ్యి ఏడుంటదో నాకేం ఎరుక? మెత్తగ దొరికిందానికి గట్టిగ కట్టిన."

హనీఫాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అత్తమ్మా... బండి ఆగిపోతే మీ జాగా మీకు దొరుకుతుండె గదా?"

"ఆగితే మీరు తొవ్వల ఆగుతరు. మేకలదేమున్నది, ఏడన్న ఉంటయి."

సర్దార్ కొత్త పైపు ముక్క కోసి తొడిగాడు. ఇంజన్ నిలకడగా పాడసాగింది. బక్కయ్య చాయ్ తాగి, సణుక్కుంటూ ఖాళీ బండి మళ్లించుకున్నాడు.

"మీరు కూసోండ్రి అత్తమ్మా, నేను బస్సుల వస్త" అంది హనీఫా తలుపు తెరిచి పట్టుకుని.

లాడ్లీ బేగం వినలేదు. ఆకుపచ్చ గుడ్డను కోడలి కుడిచేతికి కట్టింది, ఈసారి వదులుగా.

"మీ అబ్బా కారు. నువ్వే కూసో. నేను ఇంటికాడ ఉంట."

ఇన్నాళ్లూ డొక్కు తప్ప మరో పేరు ఎత్తని నోటినుంచి ఆ మాట రాగానే హనీఫా అత్తను గట్టిగా వాటేసుకుంది.

పెళ్లినుంచి సాయంత్రం వాళ్లిద్దరూ తిరిగొచ్చేసరికి మేకలు ఇంటి వెనక కట్టేసి ఉన్నాయి. కారు నిలిపే జాగా ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది.