ఫ్లాపీలో సుందరమ్మ పాటలు

ఆ ఉదయం శ్రీమన్నారాయణ కాఫీ తాగుతూ కోడలికి ఉత్తరం చెబుతున్నాడు. నరసరావుపేట బజారులో ఆయనది సిమెంటు కొట్టు. కొడుకు కొన్న కంప్యూటరు కొట్లో దుమ్ము పడుతుందని ఇంటి ముందుగదిలో పెట్టించాడు. కోడలు హైమావతి పెళ్ళికి ముందే గుంటూరులో దాని మీద టైపు కొట్టడం నేర్చుకుంది.

ఉత్తరం పూర్తయింది. దాన్ని ఫ్లాపీ బిళ్ళలో దాచబోతే తెర మీద ఇంగ్లీషులో ఏదో పడింది.

"ఏందమ్మాయ్ అది?"

"ఫ్లాపీలో చోటు లేదంటోంది మామయ్యగారూ."

"మనం రాసింది నాలుగు ఉత్తరాలు! చోటంతా ఏం మింగిందో చూపించు."

హైమావతి వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారి వంక బెదురుగా చూసింది. సుందరమ్మ తల అడ్డంగా ఊపింది. కానీ మామగారు పక్కనే కూర్చున్నాడు. ఇక తప్పక 'డి ఐ ఆర్' అని కొట్టింది. ఫైళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ప్రతి పేరు పక్కనా ఒక అంకె.

"ఆ అంకెలేంది?"

"ఫైలు ఎంత పెద్దదో చెప్తాయండీ. ఒక్కో అక్షరానికి ఒకటి చొప్పున."

ఆయన ఉత్తరాలు వెయ్యి, రెండు వేల దగ్గరే ఆగాయి. చివరి ఫైలు మాత్రం మూడున్నర లక్షలు దాటింది.

"ఇదెవరిది?"

"అత్తయ్యగారి పాటలండీ. మధ్యాహ్నాలు ఆవిడ పాడుతుంటే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను."

"యాపారానికి తెచ్చిన మిషన్లో పాటలా? తీసెయ్!"

"తియ్యమాక హైమా."

ఇద్దరూ తిరిగి చూశారు. సుందరమ్మ గదిలోకి వచ్చింది.

"అవి మా అమ్మమ్మ మా అమ్మకిచ్చింది, మా అమ్మ నాకిచ్చింది. నాకు కూతురు లేదు. ఈ పిల్ల నోరు తెరిచి అడిగితే ఇచ్చా. ఉత్తరం మీరు చేత్తో రాసుకోండి."

శ్రీమన్నారాయణ నివ్వెరపోయాడు. మళ్ళీ తెర వంక చూశాడు. మూడున్నర లక్షల అక్షరాలు!

"ముప్పై ఏళ్ళ నుంచి ఈ ఇంట్లో నోరున్నది నాకొక్కడికే అనుకున్నా" అన్నాడు మెల్లగా. "ఏదీ, ఒకటి చదువమ్మాయ్."

హైమావతి పెదవి బిగించి నవ్వాపుకుంటూ చదివింది.

"కొండంత పేరున్న పెళ్ళికొడుకమ్మా, గోరంత నవ్వైన నవ్వడేమమ్మా!"

"ఎవడే వాడు?"

"మీరే!" అంది సుందరమ్మ. "మన పెళ్ళిలో మా పిచ్చమ్మ పిన్ని మీ మీద కట్టింది. అప్పుడు కూడా మీరు నవ్వలా."

ఆయన పగలబడి నవ్వాడు. కాఫీ పొలమారింది. సుందరమ్మ కంగారుగా నెత్తి మీద తడుతూ తనూ నవ్వేసింది.

పేటలో ఫ్లాపీలు దొరకవు. ఉత్తరం చేత్తో రాసి పోస్టు డబ్బాలో వేసి, ఆయనే గుంటూరు బస్సెక్కాడు. సాయంత్రం పెట్టెడు ఫ్లాపీలతో తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"రాసుకో అమ్మాయ్. మా అమ్మ జోలపాట నాకూ ఒకటొచ్చు."

బొంగురు గొంతుతో ఎత్తుకున్నాడు. రెండు చరణాలు పాడి ఆగిపోయాడు. ఎంత తడుముకున్నా మూడోది గుర్తుకు రాలేదు.

పక్క నుంచి సుందరమ్మ అందుకుంది.

"నీకెట్టా తెలుసే?"

"అత్తయ్యే నేర్పింది. మీ అబ్బాయిని ఈ పాటతోనే నిద్రపుచ్చా."

ఆయన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. "ఆపమాక, పాడు" అన్నాడు. సుందరమ్మ పాడుతుంటే హైమావతి వేళ్ళు మీటల మీద పరుగెత్తాయి.